బోరాన్ కార్బైడ్‌కు లప్పం

బోరాన్ కార్బైడ్ అన్న మాట తిరగడానికి నా నాలుకకు నెల పట్టింది. దాన్ని అద్దంలా పాలిష్ పట్టడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. దాని గురించి మైకు ముందు గంటసేపు మాట్లాడటానికి మాత్రం ఏమీ నేర్చుకోనక్కర లేదని మా కాలేజీలో ఒక పెద్ద సారును చూశాక తెలిసింది.

అంతకు ముందు ముప్పై ఏళ్లు కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పలకలకు పాలిష్ పట్టాను. రొమ్ములో రాయిపొడి పేరుకుందని డాక్టరు చెప్పిన రోజు ఆ పని వదిలేశాను. ఆ నెలలోనే ఊరి చివరి ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ల్యాబుకు అటెండరు కావాలని వెతుకుతున్నారని తెలిసింది. పోయి నిలబడ్డాను. చదువు సంగతి ఎవరూ అడగలేదు. ఒక చిన్న రాతి ముక్క ఇచ్చి పాలిష్ పట్టమన్నారు, పట్టాను, తీసుకున్నారు. ఆ కాలేజీలో నేను చూసిన తెలివైన పని అదొక్కటే.

అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు, ఒక్క అక్షరం రాదు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసేవాణ్ని. నాకు అక్షరాలు నేర్పింది లైబ్రరీలో పుస్తకాలు సర్దే భాయ్. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. నోరు తెరిస్తే సగం తెలుగు, సగం ఉర్దూ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కున్నాక, ముందు రోజు పేపరు నా ముందు పరిచి వేలు పెట్టి చదివించేవాడు. నేను తడబడితే నవ్వేవాడు.

"అరె అన్నా, గ్రానైట్ మీద ఎంట్రుకంత గీత కనబడుతది నీకు. గింత పెద్ద అక్షరం కనబడదా?"

"గీత తప్పితే పలక పోతది. నీ అక్షరం తప్పితే ఏం పోతది?"

"ఇజ్జత్ పోతది. సదువు, సదువు."

రెండేళ్లకు నాలుగు ముక్కలు రాయడం, పేపరు చదవడం వచ్చింది. నిదానంగా, పెదవులు కదుపుతూ, కానీ వచ్చింది. చదవడం వచ్చాక పేపరు మీద గౌరవం పోయింది, అది వేరే సంగతి.

మా ల్యాబులోకి ఆ పిల్ల వచ్చింది ఆ రోజుల్లోనే. ఆదిలాబాద్ నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న అమ్మాయి. వాళ్ల నాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు కట్టే పని చేసేవాడట. తల్లితో ఫోనులో తెలుగు, మేనత్తతో మరాఠీ మాట్లాడేది. నన్ను మొదటి రోజే తాతా అన్నది. నాకంత వయసు లేదని చెబుదామనుకున్నాను, కానీ అద్దంలో ముఖం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆమె పని బోరాన్ కార్బైడ్ మీద. అదొక నల్ల పొడి. దాంట్లో టైటానియం కలిసిన ఇంకో పొడి కలిపి, హైదరాబాద్‌లో ఒక పెద్ద కొలిమి ప్రెస్సులో ఎర్రటి వేడి మీద వత్తించి, రూపాయి బిళ్లంత ముక్కలు చేయించి తెచ్చేది. పట్టుకుంటే రాయి కంటే తేలిక. గట్టితనంలో వజ్రమూ ఇంకొకటేదో దాటితే తర్వాత ఇదేనట. సైనికుల ఛాతీకి కట్టే పలకలు దీంతో చేస్తారని చెప్పింది. ఇంత గట్టిది కదా అని ఒకసారి ఒక ముక్కను చేతిలోంచి జారవిడిచాను. నేల మీద పడి రెండయింది. గట్టిదే, కానీ పెళుసు. చిన్న పగులు మొదలైందంటే ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. ఆ పగులు పోకుండా టైటానియం గింజలు అడ్డం పడతాయా, ఎంత అడ్డం పడతాయి, అన్నదే ఆమె ఐదేళ్ల చదువు.

అది తెలియాలంటే ముందు పాలిష్ కావాలి. ముక్కను నల్ల బేకలైటు దిమ్మెలో బిగించి, తిరిగే చక్రం మీద వజ్రపు పేస్టు రాసి పట్టాలి. గరుకు పేస్టుతో మొదలుపెట్టి, గీతలన్నీ పోయాక ముక్కను అడ్డంగా తిప్పి సన్న పేస్టుకు, ఆ గీతలూ పోయాక ఇంకా సన్న పేస్టుకు పోవాలి. గ్రానైట్‌కు ఒక పూట పడితే దీనికి మూడు రోజులు. నా భుజాలు పోయాయి. అంతా అయ్యాక మైక్రోస్కోపు కింద పెడితే బూడిద రంగు నేల, దాని మీద బియ్యపు నూకల్లా తెల్లటి టైటానియం గింజలు, అక్కడక్కడా నల్లటి గుంతలు కనిపించేవి. తర్వాత వజ్రపు మొనతో దాని మీద నొక్కితే నాలుగు మూలల గుర్తు పడేది. ఆ మూలల నుంచి పగుళ్లు బయలుదేరేవి. పగులు ఎంత పొట్టిగా ఉంటే ముక్క అంత మొండిదన్నట్టు.

గుంతల సంగతి ఆ పిల్ల నాకు ఓపికగా చెప్పింది. కొన్ని గుంతలు ముక్కలోనే ఉంటాయి, ప్రెస్సులో సరిగ్గా వత్తుకోక మిగిలిన ఖాళీలు. వాటి అంచులు గుండ్రంగా ఉంటాయి. ఇంకొన్ని మనం పాలిష్‌లో మొరటుగా నొక్కితే గింజ ఊడి పడేవి. వాటి అంచులు చిరిగినట్టుంటాయి.

"దాని గుంత దానికి ఉండనియ్యి తాత. నీ గుంత దానికి పెట్టకు. గంతే."

గ్రానైట్‌లోనూ ఇదే సంగతి, అభ్రకం రేకు ఊడితే గుంత పడుతుంది. కాబట్టి వెంటనే అర్థమైంది. నేను గుంత పెట్టలేదు. ఒక్కటి కూడా. కానీ ఉన్న గుంతను పూడ్చొద్దని ఆమె నాకు చెప్పలేదు. పూడ్చే మనిషి ఒకడు ఉంటాడని ఆమె ఊహకు రాలేదు.

గ్రానైట్ ఫ్యాక్టరీలో పూడ్చడం ఒక పని కాదు, అలవాటు. పలక మీద గుంత కనిపిస్తే అదే రాయిని కోసినప్పుడు వచ్చిన పొడిని జిగురులో కలిపి కుక్కుతాం. ఆరాక మళ్లీ పాలిష్ పడతాం. చేత్తో తడిమినా తెలియదు. లప్పం పెట్టడం అంటాం. ప్రతి ఫ్యాక్టరీలో పెడతారు, ఏ ఫ్యాక్టరీలోనూ దాని గురించి మాట్లాడరు. మేస్త్రి వచ్చి "గుంతలు కనబడద్దు" అని పోతాడు, అంతే. ఎలా కనబడకుండా చేశావని అడగడు. అడిగితే కొనేవాడికి సమాధానం చెప్పాల్సి వస్తుంది. నేను ముప్పై ఏళ్లు ఆ ఒక్క మాట విని ఆ ఒక్క పని చేశాను. మీ ఇంటి వంటగది బండలో నా జిగురు ఉండవచ్చు.

ఇక ఆ పిల్లకు దారి చూపాల్సిన పెద్ద సారు. ఆయన గురించి మంచి చెప్పాలని కాసేపు ఆలోచించాను. మీసం చక్కగా కత్తిరించుకునేవాడు. తెల్ల కోటు ఫొటోగ్రాఫరు వచ్చిన రోజు మాత్రం తొడిగేవాడు. పాలిష్ చక్రం ఏ వైపు తిరుగుతుందో ఆయనకు తెలియదని పందెం కట్టడానికి భాయ్ ఎప్పుడూ సిద్ధమే, ఎదురు కట్టేవాడే దొరికేవాడు కాదు. నన్ను "పెద్దాయనా" అని పిలిచేవాడు, పేరు అడగలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఆ పిల్ల తల్లికి ఆదిలాబాద్‌లో ఆపరేషన్ అయింది. పది రోజులు సెలవు పెట్టి పోయింది. పోతూ ఏడు బిళ్లలు నా చేతిలో పెట్టి, మెల్లగా పట్టి ఉంచు, వచ్చాక ఫొటోలు తీసుకుంటాను అన్నది. ఆమె ఎక్కిన బస్సు ధర్మపురి దాటకముందే పెద్ద సారు ల్యాబుకు వచ్చాడు. అలా రావడం అరుదు కాబట్టి లేచి నిలబడ్డాను.

"పెద్దాయనా, ఎల్లుండికి ఫొటోలు కావాలె. సైంటిస్టుల పెద్ద సభ ఉంది, పంపాలె. సాఫ్‌గ ఉండాలె. ఆ నల్ల గుంతలు నాకు కనబడద్దు."

అచ్చం మేస్త్రి మాట. ఒక్క అక్షరం తేడా లేదు.

"కనబడయి సార్" అన్నాను.

ఆ ముక్కలనే కోసినప్పుడు మిగిలిన బురద ఆరబెట్టి దాచి ఉంది. దాన్ని మెత్తగా నూరి, పగిలిన చెప్పులకు పెట్టే జిగురులో కలిపాను. ముఖానికి పసుపు పట్టించినట్టు ఏడు ముక్కలకూ పట్టించి, ఆరనిచ్చి, సన్న పేస్టుతో పైది తీసేశాను. లోపలిది లోపలే ఉండిపోయింది. ఎప్పుడూ తుడిచే ఎసిటోన్‌తో తుడిస్తే జిగురు కరుగుతుందని నాకు తెలుసు, కాబట్టి నీళ్లతో తుడిచాను. ఇంత జాగ్రత్తగా వెధవ పని చేసినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. పైగా మనసులో గర్వం. వెంట్రుకలో పదో వంతు గుంతకు లప్పం పెట్టానే అని.

సారు స్వయంగా మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. నల్ల గుంతలు లేవు. గుంతలుండే చోట మాసిన బూడిద రంగు మచ్చలున్నాయి. తెల్ల గింజ కాదు, బూడిద నేలా కాదు. వజ్రపు మొనతో నొక్కించి చూస్తే పగులు వచ్చి ఆ మచ్చ దగ్గర ఆగిపోయింది. ఆగదా మరి. గుంత దాకా వచ్చిన పగులు ఇంక ఎక్కడికి పోతుంది. కానీ ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక ముక్కను హైదరాబాద్‌కు పంపి ఇంకా పెద్ద మైక్రోస్కోపు కింద చూపించి తెప్పించాడు. ఆ మచ్చల్లో కార్బన్ ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. జిగురులో ఉండేది అదే మరి. ఆయన మాత్రం పగుళ్లను ఆపే మూడో పదార్థం కొలిమిలో తనంతట తానే పుట్టిందన్నాడు. దానికి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు పెట్టాడు. ల్యాబుకు స్వీట్లు తెచ్చాడు. నేను రెండు తిన్నాను.

ఆ పిల్ల తిరిగి వచ్చేసరికి ఫొటోలు సభకు వెళ్లిపోయాయి. ఆమెకు సంతోషం కలగలేదు. ప్రతి ముక్కనూ గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచే అలవాటు ఆమెకు. నీళ్లలో తూకం తగ్గే లెక్కను బట్టి లోపల ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. వెళ్లకముందు తూచి రాసుకున్న లెక్క ప్రకారం లోపల బాగానే ఖాళీ ఉంది. ఫొటోలో ఖాళీయే లేదు. ఇంకా పాలిష్ పట్టని ముక్కలు తీసి మళ్లీ తూచింది, ఖాళీ ఉందనే వచ్చింది. సారు దగ్గరికి పోతే ఆ త్రాసు పాతది, దాని మాట వినకు అన్నాడట. త్రాసు పాతదే. కానీ ఆయనకంటే ఎక్కువ నిజం చెప్పేది.

నా దగ్గరికి వచ్చి అడిగింది.

"తాత, ఎప్పటి తీరుగనే పట్టినవా?"

"ఎప్పటికంటె మంచిగ పట్టిన బిడ్డా."

"ఏమన్న మార్చినవా?"

"ఏం మార్చలే."

అబద్ధం చెప్పానని నేను అనుకోలేదు. లప్పం పెట్టడం పాలిష్‌లో భాగం. దాన్ని ఎవరూ నోటితో చెప్పరు. ముప్పై ఏళ్లుగా నోరు మూసుకున్నవాడికి, మూసుకున్నానన్న సంగతి కూడా గుర్తుండదు.

సారు ఆమెకు మూడు వారాలు గడువిచ్చాడు. మూడో పదార్థం మీద ఒక అధ్యాయం రాసి, మొత్తం సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. జూలైలోపు ఇస్తే ఆదిలాబాద్‌లో తల్లి ఇంటికి దగ్గరగా ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఉంది, ఆమె కోసం అట్టిపెట్టారు. ఆపరేషన్ అయిన తల్లిని చూసుకోవచ్చు. ఐదేళ్ల చదువు, ఆ ఉద్యోగం, రెండూ ఆ అధ్యాయం మీద వేలాడుతున్నాయి. ఆ పిల్ల పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు వరసలు రాసి ఐదు చెరిపేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం భాయ్ పేపరు తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇయ్యాల నీ ల్యాబు ముచ్చట ఒచ్చింది యార్. నువ్వే సదువు, నేను సదవ."

జిల్లా పేజీలో సారు ఫొటో, కోటుతో. పక్కన చిన్నగా మైక్రోస్కోపు ఫొటో, దాని మీద బాణం గుర్తు. పెదవులు కదుపుతూ చదివాను. తూటాను ఆపే పలకల్లో కొత్త పదార్థం కనుగొన్నారట. దానిలో రంధ్రాలే లేవట. పగుళ్లు ఆ పదార్థాన్ని తాకి ఆగిపోతాయట. రేపు సైనికుల ప్రాణాలు కాపాడవచ్చట. బాణం గుర్తు దగ్గరికి కళ్లద్దాలు జరిపి చూశాను. ఒక పక్క విరిగిన గవ్వలా ఉన్న గుంత. నాకు తెలుసు ఆ గుంత. దాంట్లో జిగురు ఒకసారికి నిండక రెండుసార్లు పెట్టాను.

"ఏందన్నా, ముఖం గట్ల వెట్టినవ్?"

"గిది పదార్థం కాదు భాయ్. నేను వెట్టిన లప్పం."

వాడు మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు.

"సారుకు చెప్తవా?"

"సారుకెందుకు. పిల్లకు చెప్త."

"చెప్తె ఆ పిల్ల చదువు ఏంగావాలె?"

"చెప్పకపోతె రేపెవడో దాని మీద ఎసిటోన్ పోస్తడు. అప్పుడేంగావాలె?"

లేచి వచ్చాను. సైనికుల మీద ప్రేమతో లేచానని చెప్పను. నా చెప్పుల జిగురు ఒక మనిషి ఛాతీ మీద తూటాకు అడ్డం నిలబడుతుందని అచ్చులో చదివాక కూర్చోవడం కుదరలేదు, అంతే.

ఆ పిల్ల కంప్యూటరు ముందే ఉంది. చెప్పాను. పొడి ఎక్కడిది, జిగురు ఏది, ఎట్లా పట్టించాను, నీళ్లతోనే ఎందుకు తుడిచాను, అన్నీ. ఆమె లేచింది. పేపర్లో బాణం గుర్తు పెట్టిన ముక్కను తీసి గిన్నెలో ఎసిటోన్ పోసి ముంచింది. కాసేపాగి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసి, పక్కకు జరిగి, నన్ను చూడమన్నది. విరిగిన గవ్వలా నల్లటి గుంత. నోరు తెరిచినట్టుంది.

"ఎన్నిటికి వెట్టినవ్?"

"ఏడింటికి."

"నేనడిగితె ఏం మార్చలే అన్నవ్ గద తాత."

"అన్న."

ముక్కను డబ్బాలో పెట్టింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక కళ్ల నీళ్లు వచ్చాయి. అవి నవ్వువో కావో నాకు తెలియదు.

"నువ్వు చెప్పుల జిగురు వెడితె, గాయన దానికి పేరు వెట్టిండు. నేను దాని మీద ఇర్వై పేజీలు రాసిన."

"చింపెయ్యి బిడ్డా."

"చింపుడే. జూలై పోయినట్టే గని, చింపుడే."

సారు గదికి ఇద్దరం పోయాం. ఆమె చెప్తుంటే ఆయన పెన్ను మూత తీసి పెడుతూ, పెట్టి తీస్తూ విన్నాడు. అంతా విన్నాక ఆయన అడిగిన మొదటి మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఎసిటోన్ పెట్టింది ఒక్క ముక్కకేనా?"

"ఒక్కదానికే సార్" అన్నది ఆ పిల్ల.

"అయితె మిగతా ఆరు ఉన్నయి గద. వాటి జోలికి పోకు."

 ఆ పిల్ల ఆ అధ్యాయం గ్రంథంలో పెట్టనని, సభవాళ్లకు ఉత్తరం రాసి అక్కడికి పంపిన వ్యాసం వెనక్కి తీసుకోవాలని చెప్పింది. ఆయన ముందు బుజ్జగించాడు, తర్వాత జూలై సంగతి గుర్తు చేశాడు, ఆ తర్వాత గొంతు పెంచాడు. మేస్త్రులకు గొంతు ఉండేది కానీ, ఇంత చదువు ఉండేది కాదు. ఆ తేడా ఒక్కటే కనిపించింది నాకు. ఆమె లేచి, ల్యాబుకు పోయి, మిగిలిన ఆరు ముక్కలనూ ఎసిటోన్‌లో వేసింది.

నాలుగో రోజున నన్ను ఆఫీసుకు పిలిచారు. సారు ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు. బల్ల మీద తెలుగులో టైపు చేసిన కాగితం ఒకటి ఉంది.

"పెద్దాయనా, జరిగింది జరిగింది. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. గీడ ఒక సంతకం పెట్టు" అన్నాడు సారు.

గుమాస్తా స్టాంపు ప్యాడు నా వైపు జరిపాడు. వేలిముద్రకు. నేను కళ్లద్దాలు తీసుకున్నాను.

"సదివి పెడ్త సార్."

"అందులో ఏముంది సదవడానికి. నువ్వు చెప్పిందే రాసినం."

నేను చదువుతుంటే వాళ్లిద్దరూ ఎదురుచూడాల్సి వచ్చింది. నా చదువు నిదానం, ముందే చెప్పాను. ఆ రోజు ఇంకా నిదానంగా చదివాను, పైకి చదివాను. పరిశోధక విద్యార్థిని చెప్పిన మేరకు, మార్గదర్శకులకు తెలియకుండా, నమూనాలలోని రంధ్రాలను జిగురుతో పూడ్చితిని, అని ఉంది. విద్యార్థిని చెప్పిన మేరకు అన్న మాట దగ్గర ఆగి, రెండోసారి చదివాను. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల ఐదేళ్లు కొట్టుకుపోతాయి. మోసం చేసిన విద్యార్థినిగా ఇంటికి పంపేస్తారు. అందుకే నా వేలు కావాల్సి వచ్చింది.

"గా పిల్ల ఆ దినాలల్ల ఊర్లె లేదు సార్. ఆదిలాబాద్ దవాఖాన్ల ఉండె."

"ఫోన్‌ల చెప్పి ఉండొచ్చు గద."

"చెప్పలే."

"నీకు గుర్తులేదేమో."

"గుంతలు కనబడద్దు అన్నది మీరు. గది మంచిగ గుర్తున్నది."

గుమాస్తా కిటికీలోంచి స్కూటర్లు లెక్కపెట్టసాగాడు. నేను తెల్ల కాగితం ఒకటి అడిగాను. ఎవరూ ఇవ్వకపోతే టైపు చేసిన కాగితాన్నే తిరగేశాను. నిలబడే రాశాను, అరగంట పట్టింది. నేను మాట్లాడినట్టే రాశాను, వేరే రకంగా రాయడం రాదు. గుంతలల్ల జిగురు పెట్టింది నేను. ఎవ్వలు పెట్టుమనలే. గుంతలు కనబడద్దని పెద్ద సారు అన్నడు. అమ్మాయి ఆ దినాలల్ల ఊర్లె లేదు. జిగురుకు పేరు నేను పెట్టలే. కింద సంతకం చేశాను. ఒకటి ప్రిన్సిపాలుకు ఇస్తానని చెప్పి, భాయ్ దగ్గర దాని జిరాక్సు కాపీలు తీయించాను. భాయ్ దాన్ని చదివి రెండు తప్పులు పట్టాడు, కానీ దిద్దలేదు.

"ఉండనీ. దిద్దితె ఎవడో రాసిచ్చిండంటరు."

ఆ తర్వాత పెద్ద యుద్ధమేమీ జరగలేదు. పెద్దవాళ్లు ఇలాంటివాటిని యుద్ధం దాకా రానివ్వరు, చాప కిందికి తోస్తారు. ప్రిన్సిపాలు సారునూ ఆ పిల్లనూ పిలిచి మాట్లాడాడట. సభకు పంపిన వ్యాసం "సాంకేతిక కారణాల వల్ల" వెనక్కి వచ్చింది. జిల్లా పేజీలో దిద్దుబాటు ఏదీ రాలేదు. నేను నెల రోజులు వెతికాను. నా ఉద్యోగం పోలేదు, ఆ పాలిష్ పట్టేవాడు ఇంకొకడు దొరకడు కాబట్టి. సారు మూడు నెలలు ఆ పిల్ల మొహం చూడలేదు, సంతకాలు చేయలేదు. జూలై దాటింది. ఆదిలాబాద్ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారు.

నష్టం చేసింది నేను. అది సారు మీదికి నెట్టను. ఆయన మీదికి నెట్టడానికి ఆయనవే చాలా ఉన్నాయి. ఆమెకు క్షమాపణ చెప్పడానికి నాకు రెండు మూడుసార్లు నోరు రాలేదు. నాలుగోసారి ఆమే అడ్డుపడింది.

"మాటలు తర్వాత చెప్పు తాత. చక్రం ఎక్కు. పాతయి ఏడు, పట్టనియి ఐదు, పన్నెండు ముక్కలున్నయి."

పన్నెండూ మొదటి నుంచి పట్టాను. వానాకాలమంతా పట్టాను. దగ్గు వస్తే బయటికి పోయి దగ్గి వచ్చేవాణ్ని. ఒక్కో ముక్కకు ఏ పేస్టు ఎంతసేపు, ఎంత బరువుతో, ఏ నీళ్లతో, అన్నీ ఒక నోటు పుస్తకంలో నా చేత్తోనే రాయించింది. ఈసారి గుంతలు గుంతల్లాగే వచ్చాయి. పగుళ్లు కొన్ని తెల్ల గింజల దగ్గర వంకర తిరిగాయి, కొన్ని తిరగలేదు. మొండితనం కొంచెం పెరిగింది, అంతే. పేపర్లో వేసేంత కాదు. త్రాసు చెప్పిన ఖాళీకి, ఫొటోలో లెక్కపెట్టిన ఖాళీకి మాత్రం పొంతన కుదిరింది. ఆ రోజు ఆమె ముఖం చూశాను. సారు స్వీట్లు తెచ్చిన రోజున ఆయన ముఖంలో ఉన్నది అది కాదు.

మరుసటి ఏడు చలికాలంలో వైవా జరిగింది. మా కాలేజీ హాల్లోనే. ఎవరైనా వచ్చి వినవచ్చట. భాయ్, నేను వెనక వరసలో కూర్చున్నాం. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. తెర మీద ఫొటో చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తెలుగువాడే కాబట్టి తర్వాత తెలుగులోకి దిగాడు.

"ఈ నల్లవి ఏమిటమ్మా?"

"ఖాళీలు సార్. సరిగ్గా వత్తుకోని చోట్లు."

"పాలిష్‌లో ఊడినవి కావని ఎట్లా చెప్తావు?"

ఆమె అంచులు పెద్దవి చేసి చూపించింది. గుండ్రటివి ఇవి, చిరిగినవి ఇవి అని రెండూ పక్కపక్కన పెట్టింది. నీటి తూకం లెక్క చూపించింది. పాలిష్ నోటు పుస్తకం బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పాడు. నా వంకర అక్షరాలు చూసి ఏమనుకున్నాడో తెలియదు, రెండు మూడు పేజీలు ఆగి చదివాడు. తర్వాత ఇంకో ప్రశ్నకు పోయాడు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుంతను గుంత అని చెప్పడానికి ఒక మనిషికి ఏడాదిన్నర పట్టిందని ఆ హాల్లో ముగ్గురికే తెలుసు.

తెలిసినా తెలియనట్టున్న నాలుగో మనిషి పెద్ద సారు. చివర్లో ఆయన మైకు తీసుకున్నాడు. లోపాలను దాచకూడదని తన విద్యార్థులకు మొదటి రోజు నుంచీ చెబుతానన్నాడు. మన విభాగంలో నిజాయితీకి ఉన్న స్థానం ఈ గ్రంథం చూస్తే తెలుస్తుందన్నాడు. కోటు తొడుక్కుని వచ్చాడు. భాయ్ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు, లేవొద్దని. నేను లేచేవాణ్ని కాదు. కానీ గట్టిగా దగ్గాను.

డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నామని పరీక్షకుడు ప్రకటించాడు. ఆ పిల్ల వేదిక దిగి, మొదట పెద్ద సారు దగ్గరికే పోయి, రెండు చేతులు జోడించి వంగి దండం పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేస్తుంటే ఫొటో తీశారు.

 బయట మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆమె వచ్చింది, చేతిలో ఫైలు, నుదుటి మీద చెమట.

"గాయనకు దండమెందుకు వెట్టినవ్ బిడ్డా?"

ఆమె వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"యూనివర్సిటీకి పోయే కాగితం మీద ఇంకో సంతకం కావాలె తాత. అది వెట్టినంక మాట్లాడుదాం."

ఆ సంతకం కోసం ఆమె పదకొండు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగింది. పన్నెండో రోజు పొద్దున కాగితం చేతికి వచ్చింది. ఆ మధ్యాహ్నం బస్సుకే ఆదిలాబాద్ వెళ్లిపోయింది, ఆయనకు చెప్పకుండా.